మంత్రి పేరు, ఉద్యోగి చేవ్రాలు

ఒక గృహస్థుని ఇల్లు నివాసయోగ్యము కాదని మూసివేయుటకు గాని, ఒక వీధినంతను మురికివాడగా నిర్ణయించి పడగొట్టించుటకు గాని, ఖాళీగా నున్న మేడను నిలువ నీడలేని వారి కొరకు స్వాధీనపరచుకొనుటకు గాని శాసనము అధికారము నొసగునపుడు, సర్వసాధారణముగా ఆ అధికారమును మంత్రికే ఒసగును. కాని మంత్రి ఒక్కడు, ఇండ్లు లక్షలు. ఏటేట ఆయన పేర వెలువడు వేలకొలది ఉత్తర్వులలో ఆయన స్వయముగా చదివినవి పదులలో నుండవచ్చును. తక్కిన వన్నియు, కాగితము తెచ్చిన గుమాస్తా మొదలు సంతకము చేసిన కార్యదర్శి వరకు, ఎన్నికలతో నిమిత్తములేని ఉద్యోగుల చేతిమీదుగా జరిగినవే. ప్రజలు ఎన్నుకొన్న వానికి శాసనసభ అప్పగించిన అధికారము ప్రజలు ఎన్నుకొనని వాని చేతికి ఏ హక్కున పోవుచున్నది, పోయినచో ఇల్లు పోగొట్టుకొన్నవాడు ఎవనిని ప్రశ్నింపవలెను అను విషయమును ఇంగ్లండు దేశస్థులు నూరేండ్లకు పైగా చర్చించిరి. వారి గృహచట్టముల చరిత్రయే ఈ ప్రశ్నకు పెద్ద ప్రయోగశాల యగుటచే, ఈ సమీక్షను అచ్చటనే ఆరంభించుట ఉచితము.

1871లో ఏర్పడిన లోకల్ గవర్నమెంటు బోర్డు పేరునకు బోర్డే కాని, దానిలో సభ్యులైన మంత్రులు ఒకచోట కూడి కూర్చుండి వ్యవహారము నడపుట యన్నది లేదు. దాని అధ్యక్షుడును, ఆయన క్రింది ఉద్యోగులును కలిసి బోర్డు. 1909నాటి గృహనిర్మాణ, నగరప్రణాళికా చట్టము పురపాలక సంఘములకు పాడుపడిన ఇండ్లను మూయించు అధికారము నిచ్చి, దానిపై అప్పీలును ఈ బోర్డునకు విధించినది. లండనులోని హాంప్‌స్టెడ్ ప్రాంతమున ఒక ఇంటి లీజుదారు ఆర్లిడ్జి. కౌన్సిలువారు ఆ ఇంటిపై మూసివేత ఉత్తర్వు చేసి, తరువాత దానిని తొలగింప నిరాకరింపగా, అతడు బోర్డునకు అప్పీలు చేసికొనెను. ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి బహిరంగ విచారణ జరపి, ఇంటిని చూచి, నివేదిక వ్రాసికొని పోయెను. కొంతకాలమునకు అప్పీలు త్రోసివేయబడినదను తాఖీదు వచ్చెను. నిర్ణయించిన వారెవరు? ఇన్‌స్పెక్టరు కాడు, అతడు నివేదించినవాడు మాత్రమే. అధ్యక్షుడా, కార్యదర్శియా, మరియొక ఉద్యోగియా అన్నది ఆర్లిడ్జికి తెలియదు. తన గోడు ఎవరికి చెప్పుకొనెనో వారు తీర్పు చెప్పలేదు, తీర్పు చెప్పినవారి మొగము తానెన్నడును చూడలేదు, ఇరువురి నడుమ నడచిన నివేదిక తన కంటబడలేదు అనునదే అతని ఫిర్యాదు.

అప్పీలు న్యాయస్థానము అతని పక్షము వహించినను, 1915లో ప్రభువుల సభ దానిని త్రోసిపుచ్చినది. శాసనసభ అప్పీలును ఒక ప్రభుత్వశాఖకు ఇచ్చినపుడు ఆ శాఖ తన వాడుక ప్రకారము నడచుకొనునని ఎరిగియే ఇచ్చినదనియు, శాఖాధిపతి ప్రతి కాగితమును స్వయముగా పరిశీలింపజాలడు గనుక తన ఉద్యోగుల సాయముపై ఆధారపడక తప్పదనియు, ఆయన పార్లమెంటునకు జవాబుదారి యగుటయే పౌరునికి రక్షణయనియు లార్డు హాల్డేన్ తీర్పు చెప్పెను. ఆ సంవత్సరమే రాజ్యాంగశాస్త్ర పండితుడు డైసీ ఈ తీర్పును గూర్చి వ్యాసము వ్రాసి, తన దేశమున లేదని తాను చిరకాలము ఘోషించిన పరిపాలనా న్యాయము కన్నులయెదుటనే పెరుగుచున్నదని గుర్తించెను. హాల్డేన్ మాటలో మొదటి భాగము కాదనరానిది. అధ్యక్షుడే ప్రతి మురికి ఇంటి గడప త్రొక్కి చూడవలెనన్నచో ఏ వాడయు బాగుపడదు. రెండవ భాగము మాత్రము నాకు సమ్మతము కాదు. ఉద్యోగి నిర్ణయించుట వేరు, ఉద్యోగి మరుగున నుండి నిర్ణయించుట వేరు; ఈ రెంటిని ఆ తీర్పు ఒక్కటిగా కలిపివేసినది. తరువాతి యర్ధశతాబ్ది కలహమంతయు ఈ కలయికను విడదీయుటకై జరిగినదే.

1919లో బోర్డు అంతరించి, దాని పనులన్నియు నూతన ఆరోగ్య మంత్రిత్వశాఖకు సంక్రమించినవి. మొదటి మంత్రియగు ఆడిసన్ పేర వెలసిన చట్టముతో పురపాలక సంఘములు ఇండ్లు కట్టుట పెద్దయెత్తున మొదలయ్యెను. 1930లో గ్రీన్‌వుడ్ చట్టము మురికివాడల నిర్మూలనకు పూనుకొనగా, ప్రతి నిర్మూలనోత్తర్వును మంత్రి ఖాయపరచవలసి వచ్చెను. అంతకు ముందే 1929లో ప్రధాన న్యాయమూర్తి లార్డు హ్యూఅర్ట్ "నూతన నిరంకుశత్వము" అను గ్రంథము ప్రకటించి, శాఖలలోని ఉద్యోగులు శాసనకర్తల యధికారమును, న్యాయమూర్తుల యధికారమును గూడ మ్రింగివేయుచున్నారని తీవ్రముగా ఎలుగెత్తెను. ఆ సంవత్సరమే డోనమోర్ ప్రభువు అధ్యక్షతను మంత్రుల అధికారములపై ఒక సంఘము నియమింపబడెను. 1932లో వెలువడిన దాని నివేదిక, కుట్ర యేదియు లేదనియు, అధికారప్రదానము ఆధునిక ప్రభుత్వమునకు అనివార్యమనియు, ఐనను ఇన్‌స్పెక్టర్ల నివేదికలను ప్రకటింపవలెననియు చెప్పినది. ప్రభుత్వము ఈ కడపటి మాటను మాత్రము చెవిని బెట్టలేదు. నివేదిక బయటపడునని తెలిసినచో ఇన్‌స్పెక్టరు నిస్సంకోచముగా వ్రాయజాలడని శాఖలు వాదించెడివి. ఈ వాదమును నేనెన్నడును అంగీకరింపలేకపోతిని. ఒకని ఇల్లు పడగొట్టదగినదని వ్రాయువాడు, ఆ మాటను ఇంటివాడు చదువునన్న జంకుచేతనే సరిగా వ్రాయును.

ఈ మరుగుతనము ఎట్టి ఫలముల నిచ్చునో జారో పట్టణపు వ్యవహారము విశదపరచును. అచ్చటి కౌన్సిలు కొన్ని ఇండ్లపై నిర్మూలనోత్తర్వు చేసెను, యజమానులు ఆక్షేపించిరి, బహిరంగ విచారణ జరిగి ముగిసెను. ముగిసిన పిమ్మట మంత్రిత్వశాఖకును, కౌన్సిలునకును ఉత్తరప్రత్యుత్తరములు నడచినవి. పడగొట్టుటకు బదులు మరమ్మతు చేయించరాదా అని శాఖవారు అడుగగా, కౌన్సిలు తన వాదమును మరల బలపరచుకొనెను. అంతటితో నిలువక, శాఖ యుద్యోగులు జారోకు వచ్చి, కౌన్సిలువారిని వెంటబెట్టుకొని ఆ ఇండ్లను మరల చూచిరి. ఆ గోడలు ఎవరివో వారికి మాత్రము కబురైనను పంపలేదు. తరువాత ఉత్తర్వు మంత్రి పేర ఖాయమయ్యెను. యజమానుల పక్షమున నడచిన ఎరింగ్టన్ వ్యాజ్యమున అప్పీలు న్యాయస్థానము దానిని కొట్టివేసినది. ఆ యుద్యోగులలో దురుద్దేశము నాకు గోచరింపదు. సరియైన నిర్ణయము చేయుటకు మరియొకమారు చూడ గోరిరి, అంతియే. ఒక పక్షము వినుచుండగా మరియొక పక్షము లేకుండుట అన్యాయమని వారికి తట్టకపోవుటయే విచారకరము. నాలుగు గోడల నడుమ పనిచేయు అలవాటు మంచివారిని గూడ ఇట్లు చేయును.

ద్వితీయ ప్రపంచ సంగ్రామము ఈ సమస్యను మరింత తీక్ష్ణముగావించెను. దేశరక్షణ నిబంధనలలో 51వది ఏ స్థలమునైనను, కట్టడమునైనను స్వాధీనపరచుకొను అధికారమును ప్రభుత్వమునకు ఇచ్చినది. 1942లో కార్ల్‌టోనా యను ఆహారపదార్థముల కంపెనీ కర్మాగారమును వర్క్సు కమిషనర్ల పేర స్వాధీనపరచుకొనిరి. లేఖపై నున్నది ఒక అసిస్టెంటు సెక్రటరీ సంతకము. కమిషనర్లన్నవారును ఎన్నడును సమావేశమగువారు కారు. 1943లో లార్డు గ్రీన్ చెప్పిన తీర్పు నేటికిని ఈ శాస్త్రమునకు మూలస్తంభము. శాఖాధికారులు మంత్రి పేర చేయు పని మంత్రి చేసినట్లే; అది ఒకడు తన అధికారమును మరియొకనికి ధారపోయుట కాదు, ఉద్యోగి మంత్రికి ప్రతిరూపము; తగని వానికి బరువైన పని అప్పగించినచో మంత్రి పార్లమెంటునకు సమాధానము చెప్పుకొనును. ఇది ఆ తీర్పు సారాంశము. ఈ సమాధానము చెప్పుట యన్నది కొన్ని సమయములందు నిజముగానే జరిగినది: డార్సెట్ మండలములో బాంబుల అభ్యాసమునకై 1938లో కొన్న క్రిచెల్ డౌన్ భూమిని తిరిగి యీయక ఉద్యోగులు నడపిన తంత్రము బయటపడినపుడు 1954లో వ్యవసాయ మంత్రి డగ్‌డేల్ పదవి వదలుకొనెను. కాని ఆ భూమి పూర్వపు కుటుంబము పలుకుబడి గలది, పట్టు విడువనిది. ఒక గదిలో అద్దెకున్న వితంతువు పక్షమున ఏ మంత్రి రాజీనామా చేసెను? పార్లమెంటు ప్రశ్నోత్తరముల గంటలో ఒక్కొక్క ఇంటి కథ వినబడదు. కావున గ్రీన్ చూపిన రక్షణ పెద్ద తప్పులకే కాని, పేదవాని ఇంటికి అందునది కాదు.

బాంబుల వలన లక్షలాది ఇండ్లు కూలియో, బీటలువారియో పోగా, 1943 మొదలు ఆరోగ్య మంత్రి ఖాళీ ఇండ్లను నిరాశ్రయులకై స్వాధీనపరచుకొను తన అధికారమును సర్క్యులర్ల ద్వారా పురపాలక సంఘముల టౌన్ క్లర్కులకు అప్పగించెను. యుద్ధము ముగిసి, సైనికులు తిరిగివచ్చి, అన్యూరిన్ బెవాన్ మంత్రియైన దినములలోను ఆ యేర్పాటే సాగెను. నిరాశ్రయుల గోస అంతటిది. ఆ యధికారము ఉండదగినదే. ఇక బ్లాక్‌పూల్ కార్పొరేషనునకును, లాకర్ అను గృహస్థునకును జరిగిన వివాదము చూడుడు. లాకర్ తాను కాపురముండుటకై ఇల్లు కొనెను. టౌన్ క్లర్కు దానిని స్వాధీనపరచుకొంటినని తాఖీదు పంపెను. లాకర్ ఇంటిలో ప్రవేశించెను. అతనిని వెడలగొట్టుటకై కార్పొరేషను దావా వేసెను. మంత్రి సర్క్యులర్లలో కొన్ని షరతులున్నవి: ఇంటిలోని సామానులను పట్టరాదు; తానే కాపురముండ గోరు యజమాని కోర్కెను మన్నించి చూడవలెను. ఈ షరతులను టౌన్ క్లర్కు పాటింపలేదు. పాటింపలేదని లాకరునకు తెలియుటెట్లు? ఆ సర్క్యులర్లు ప్రకటింపబడలేదు. అవి మంత్రిత్వశాఖకును, పురపాలక సంఘములకును నడుమ నడచిన రహస్యపు కాగితములు. చూపుమని అడిగినను చూపుటకు కార్పొరేషను మొరాయించెను. తన ఇంటిని తీసికొనిన శాసనమును తాను చదువరాదనుట ఏ పౌరుడైనను సహింపదగినదా?

1947 డిసెంబరులో ఈ వ్యాజ్యముపై వచ్చిన అప్పీలును విని, స్వాధీనము చెల్లదని తీర్పు చెప్పిన న్యాయమూర్తి లెస్లీ స్కాట్. డోనమోర్ సంఘమునకు తుదిలో అధ్యక్షత వహించి, 1932లో నివేదికను ముగించినవాడు ఈయనయే. అధికారప్రదానము తప్పు కాదని పదునైదేండ్లకు ముందు సంతకము చేసిన వాడే, అప్రకటితమైన ప్రదానమును చూచి అగ్గివలె మండిపడెను. ఇందులో వైరుధ్యమేమియు లేదు. సర్క్యులరు ద్వారా మంత్రి ఇచ్చిన యధికారము వట్టి ఆదేశము కాదు, అది శాసనమే యనియు, శాసనమైనపుడు దాని హద్దులు ప్రజలు ఎరుగవలెననియు, హద్దు మీరిన క్లర్కు చేత అధికారమే లేదనియు ఆయన నిర్ణయించెను. ఈ విషయముపై నేను చదివిన తీర్పులన్నిటిలో గృహస్థుని పక్షమున నిలిచి చెప్పినది ఇంతకు మించినది లేదు.

1949లో లూయిషామ్ పురపాలక సంఘపు వ్యాజ్యమున డెన్నింగ్ న్యాయమూర్తి మరికొంత తేటపరచెను: ఇట్టి పరిపాలనాకార్యమును మంత్రి స్వయముగా చేయనక్కరలేదు, తన శాఖ యధికారి చేసిన స్వాధీనము చాలును, ఇతరులకు అధికారమిచ్చినంత మాత్రమున తన యధికారము తనను విడిచి పోదు. అధికారము క్రిందికి దిగవచ్చును గాని ప్రక్కకు జారరాదని 1970లో లావెండర్ వ్యాజ్యము తేల్చినది. ఇసుక, కంకర త్రవ్వుకొనుటకు అనుమతి విషయమున వ్యవసాయ మంత్రి ఒప్పుకొన్నగాని తాను ఒప్పుకొననని గృహనిర్మాణ మంత్రి చెప్పుట, తన నిర్ణయమును మరియొక మంత్రికి అప్పగించుటయే యని న్యాయస్థానము దానిని రద్దుచేసెను.

క్రిచెల్ డౌన్ గగ్గోలు తరువాత నియమింపబడిన ఫ్రాంక్స్ సంఘము 1957లో తన నివేదిక నిచ్చెను. బాహాటత, న్యాయము, నిష్పాక్షికత అను మూటిని అది గీటురాళ్లుగా పెట్టుకొన్నది. ఇన్‌స్పెక్టర్లను లార్డు ఛాన్సలరు అధీనమున నుంచవలెనన్న దాని సలహాను ప్రభుత్వము త్రోసివేసినది కాని, నివేదికలను కక్షిదారులకు ఇచ్చుటకు ఒప్పుకొన్నది. ఆర్లిడ్జి అడిగినది నలువది మూడేండ్లకు ఆయన దేశస్థులకు లభించెను. ఇన్నాళ్లు పట్టవలసిన పని యిందేమున్నది?

మంత్రి బల్లయొద్ద ఈ వ్యవహారము ఎట్లు నడచునో ఎరుగ గోరువారు రిచర్డ్ క్రాస్‌మన్ దినచర్యలను చదువవలెను. 1964లో గృహనిర్మాణ, స్థానిక ప్రభుత్వ మంత్రిగా ఆయన కార్యాలయమున అడుగిడినపుడు, శాఖకు శాశ్వత కార్యదర్శి డేమ్ ఎవెలిన్ షార్ప్. ఆ పదవి నధిష్ఠించిన మొదటి స్త్రీ, 1955 నుండి అచ్చట ఏలుచుండినది. బల్లమీద వచ్చు కాగితములకు ఒక ట్రే, పోవు కాగితములకు ఒక ట్రే. ఒక దస్త్రమును గూర్చి ఏమియు తోచనిచో, దానిపై అక్షరమైనను వ్రాయక మొదటి ట్రే నుండి రెండవ ట్రేకు మార్చినచో చాలునని, తక్కినది ఉద్యోగులు చూచుకొందురని ఆయన ఆంతరంగిక కార్యదర్శి తెలిపినట్లు ఆయన వ్రాసికొనెను. గ్రీన్ చెప్పిన సూత్రము బల్లమీద ఈ రూపము ధరించును. మంత్రి చేయి కదలినది, మనస్సు కదలలేదు. శాసనము దృష్టిలో రెండును ఒక్కటే.

ఇంగ్లండు పార్లమెంటు 1968లో తెలిసికొన్న ఉపాయము ఈ చర్చయంతటిలోను నాకు మిక్కిలి విలువైనదిగా తోచును. కొన్ని తరగతుల ప్రణాళికా అప్పీళ్లను, వాటిని విచారించిన ఇన్‌స్పెక్టరే స్వయముగా తీర్మానింపవచ్చునని ఆ సంవత్సరపు చట్టము అనుమతించెను. క్రమక్రమముగా ఆ తరగతులు విస్తరించి, నేడు దాదాపు అన్ని అప్పీళ్లు అట్లే ముగియుచున్నవి. మంత్రి తన యొద్దకు రప్పించుకొన్నవి మాత్రమే ఆయన యొద్దకు పోవును. అధికారము మంత్రి నుండి మరింత దూరము పోయినదే, ప్రజలకు నష్టము గాదా అని అడుగువారు గలరు. లాభమే కలిగినదని నా అభిప్రాయము. ఇంటివాడు ఎవని యెదుట నిలిచి తన మాట చెప్పుకొనెనో, వాడే తన పేరుతో, తన కారణములతో ఉత్తర్వు వ్రాయును. మరుగున ఎవరును లేరు. హ్యూఅర్ట్ కోరినట్లు అధికారమును వెనుకకు లాగికొనుటవలన రాని మేలు, దానిని బహిరంగముగా సంపూర్ణముగా అప్పగించుటవలన వచ్చినది.

ఈ సత్యమును ఆంగ్లేయులు శాసనరూపమున ఒప్పుకొనుటకు పదేండ్లకు పూర్వమే, రాజమహేంద్రవర వాస్తవ్యుడైన ఒక తెలుగు న్యాయమూర్తి తీర్పురూపమున చెప్పియుండెను. కృష్ణా మండలములో బస్సు మార్గముల జాతీయీకరణముపై గుళ్లపల్లి నాగేశ్వరరావు ప్రభృతులు తెచ్చిన వ్యాజ్యమున, ఆక్షేపణలను విన్నవాడు రవాణా వ్యవహారములు చూచు హోం శాఖ కార్యదర్శి. ఉత్తర్వు చేసినవారు ముఖ్యమంత్రి. 1958 నవంబరులో సుప్రీంకోర్టు అధికసంఖ్యాకుల పక్షమున కోకా సుబ్బారావుగారు, ఒకరు విని మరియొకరు నిర్ణయించునపుడు ఆ వినుట వట్టి తంతు యగునని తేల్చి ఉత్తర్వును కొట్టివేసిరి. ఆర్లిడ్జి నలువది మూడేండ్లకు ముందు ఓడిపోయిన వాదము ఇచ్చట గెలిచినది. ఐతే మంత్రి పనిని కార్యదర్శి చేయరాదని దీని భావము కాదు. 1970లో సంజీవి నాయుడు వ్యాజ్యమున మద్రాసు ప్రభుత్వపు పరిశ్రమలు, కార్మిక, గృహనిర్మాణ శాఖల కార్యదర్శి, కార్యనిర్వహణ నియమముల ననుసరించి చేసిన నిర్ణయము ప్రభుత్వ నిర్ణయమే యని అదే న్యాయస్థానము గ్రీన్ సూత్రమును మన దేశమునకు అన్వయించినది. ఈ రెండు తీర్పులును ఒకదాని కొకటి పొసగునవే. కార్యదర్శి నిర్ణయింపవచ్చును, కాని విన్నవాడే నిర్ణయింపవలెను.

మన రాష్ట్రములందు ఈ రెండవ సగము ఆచరణలో పలుచబడినదని చెప్పక తప్పదు. రాజ్యాంగపు 166వ అధికరణము ప్రకారము ప్రతి జి.ఓ. గవర్నరు పేర, ఆయన ఉత్తర్వు ప్రకారము వెలువడును. దాని క్రింద కార్యదర్శి పేరుండును. ఆ ఫైలులో సెక్షన్ ఆఫీసరు నోటు ఏమి చెప్పెనో, మంత్రి పేషీలో అది ఎన్నాళ్లుండెనో, ఎవరు 'సరే' యనిరో ఇంటి స్థలము పోయినవానికి కాగితముపై కనబడదు. 1960నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టపు 3వ సెక్షను, ఇల్లు ఖాళీయైన పది దినములలో యజమాని ప్రభుత్వము నియమించిన అధికారికి తెలుపవలెనని, ప్రభుత్వమునకు కావలసినచో అతడు దానిని తీసికొనవచ్చునని విధించినది. మూలము చూడగా ఇది బ్లాక్‌పూల్ క్లర్కు అధికారము వంటిదే, కాని ఇక్కడ హద్దులు చట్టములోనే అచ్చయి యున్నవి. 2005నాటి సమాచారహక్కు చట్టము 4వ సెక్షనులో, ప్రతి కార్యాలయమును తన యధికారుల అధికారములను, విధులను తానై ప్రకటింపవలెనన్న నియమము కలదు. స్కాట్ న్యాయమూర్తి కోరినది మనకు శాసనమై యున్నది. మన గృహనిర్మాణ, రెవెన్యూ కార్యాలయములలో ఎన్ని ఆ పట్టికను అధికార మార్పులతోబాటు దిద్దుచున్నవో పౌరులు అడిగి తెలిసికొనవలెను. ఫైలులోని నోట్ల నకళ్లను ఆ చట్టము క్రిందనే పొందవచ్చునని మాత్రము ఇండ్లు, స్థలములు పోగొట్టుకొన్న వారికి చెప్పువారు తక్కువ.

మంత్రి స్వయముగా నిర్ణయించినచో ప్రజాస్వామ్యమునకు అధికరక్షణ యని నమ్మువారు గలరు. 2001లో ఆల్కన్‌బరీ వ్యాజ్యమున ఇంగ్లండు ప్రభువుల సభయు, విధానపరమైన పెద్ద ప్రశ్నలను ఎన్నికైన మంత్రియే తీర్మానించుట మానవహక్కులకు విరుద్ధము కాదని చెప్పినది. ఆ మాట సరియైనదే. ఇక 2020 జనవరిలో జరిగినది చూతము. లండనులో ఐల్ ఆఫ్ డాగ్స్ ప్రాంతమున పూర్వపు ముద్రణాలయ స్థలములో దాదాపు 1500 ఇండ్ల నిర్మాణమునకు వచ్చిన దరఖాస్తుపై నిర్ణయము గృహనిర్మాణ మంత్రి రాబర్ట్ జెన్రిక్ చేతికి వచ్చెను. విచారణ జరపిన ఇన్‌స్పెక్టరు నిరాకరింపుమని సలహా నిచ్చెను. మంత్రి దానిని త్రోసి అనుమతి నిచ్చెను, అదియు స్థానిక కౌన్సిలు క్రొత్త సుంకపు రేటును ఆమోదించుటకు ఒక్క దినము ముందు. కౌన్సిలు న్యాయస్థానమున కెక్కగా, ఆ నిర్ణయమున పక్షపాతము పొడగట్టుచున్నదని, కావున అది చట్టవిరుద్ధమని మే నెలలో ప్రభుత్వమే ఒప్పుకొనెను. మరియొక మంత్రి మరల మొదటినుండి నిర్ణయింపవలసి వచ్చెను. ఇక్కడ ఉద్యోగి చెప్పినదేమి, మంత్రి చేసినదేమి అన్నది కౌన్సిలునకు మొదటి దినముననే తెలిసెను, ఇన్‌స్పెక్టరు నివేదిక నిర్ణయలేఖతోబాటే బయటికి వచ్చినది గనుక.